ఫర్నేసు మనిషిని వేడి గురించి అడిగాను

ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు నా దగ్గరికి వచ్చి, "దీదీ, మీ అనుభవాలు చెప్పండి" అంటారు. నేను చెప్పడం మొదలుపెట్టగానే ఫోను తీసి చూసుకుంటారు. అందుకే రాస్తున్నాను. చదువుతూ మీరు ఫోను చూసుకున్నా నాకు కనబడదు, నా బీపీ పెరగదు.

మీకు కోర్సులో నేర్పేది తప్పని అనను. కాకపోతే అక్కడ లాప్‌టాప్ ఒక్కటే బల్ల మీద బుద్ధిగా కూర్చుని ఉంటుంది. దానికో జబ్బు, ఆ జబ్బుకో మందు. షాపులో కూర్చున్నాక లాప్‌టాప్ ఒంటరిగా రాదు. దాని వెనక ఒక మనిషి వస్తాడు, మనిషి వెనక ఒక ఇల్లు, ఇంటి వెనక ఈ ఊరంతా వస్తుంది. జబ్బు వీటిలో ఎక్కడైనా ఉండొచ్చు. మీరేమో లాప్‌టాప్ ఒక్కదాన్నే విప్పుకుని కూర్చుంటారు. నేనూ అలాగే కూర్చున్నాను లెండి.

నా పేరు రాణి. పుట్టింది భిలాయిలోనే, క్యాంప్ 1లో. మా నాన్న ఇక్కడి ఉక్కు ప్లాంటు కట్టే రోజుల్లో విజయనగరం అవతల పల్లె నుంచి ఒక ట్రంకుపెట్టె, ఒక బైబిలు పట్టుకుని వచ్చారు. నేను ఐటీఐలో ఎలక్ట్రానిక్స్ చదివి, మొదట టీవీలు బాగుచేశాను, తర్వాత కంప్యూటర్లు. పవర్ హౌస్ మార్కెట్లో ఒక సర్వీసు షాపులోనే నా ఉద్యోగమంతా గడిచింది. కంప్యూటర్లు పట్టుకున్నది రాష్ట్రం కొత్తగా వచ్చిన రోజుల్లో. రాయపూర్ రాజధాని అయ్యేసరికి ఇక్కడ ప్రతివాడికీ కంప్యూటర్ కావలసి వచ్చింది. కొన్నవాళ్లు ముందు ఇంజనీరు కోసం వెతికేవారు, తర్వాత నన్ను చూసేవారు.

"భయ్యా లేడా?" అని అడిగేవారు గుమ్మంలోంచే.

"నేనే భయ్యాని, లోపలికి రండి" అనేదాన్ని. కొందరు వచ్చేవారు. కొందరు భయ్యా భోజనానికి వెళ్లాడనుకుని బయటే నిలబడేవారు. నిలబడనీ, నాకేం?

సేఠ్‌గారి ఒకే ఒక్క మందు

మా షాపు యజమాని చంద్రాకర్ సేఠ్. మంచివాడే. దీపావళికి మిఠాయి, క్రిస్మస్‌కి కేకు మర్చిపోకుండా ఇచ్చేవాడు. కంప్యూటర్ గురించి ఆయనకు తెలిసింది మాత్రం ఒకే ఒక్క మాట: "ఫార్మాట్ మార్ దో." ఉన్నదంతా తుడిచేసి మళ్లీ మొదటినుంచి ఎక్కించెయ్యమని. నెమ్మదిగా నడుస్తోందా, ఫార్మాట్. శబ్దం వస్తోందా, ఫార్మాట్. కీబోర్డు మీద చాయ్ పోశారు సేఠ్ అంటే, ఆయన ఒక్క క్షణం ఆలోచించి, "ఎండనివ్వు, తర్వాత ఫార్మాట్ మార్ దే" అన్నాడు.

నవ్వకండి. ఈ వృత్తిలో సగం మంది ఈనాటికీ ఆ మందే వేస్తున్నారు. జబ్బేమిటో తెలియనివాడు చేసే మొదటి పని ఫార్మాట్. పైగా దానికి చాలాసేపు పడుతుంది, చూసేవాళ్లకు పని చేస్తున్నట్టే ఉంటుంది. మీకు ఆ అలవాటు వద్దు. ఒక్కసారి అలవాటైతే బుర్ర తుప్పుపడుతుంది.

తెర మీద గీతలు వస్తున్నాయని, బొమ్మ చెదిరిపోతోందని, ఉన్నట్టుండి ఆగిపోతోందని ఎవరైనా వస్తే నేను చేసే పని చాలా చిన్నది. బయటి మానిటర్ తెచ్చి తగిలిస్తాను. ఆ గీతలు మానిటర్ మీద కూడా కనబడితే బొమ్మలు గీసే గ్రాఫిక్స్ చిప్పుకే ఏదో అయింది. మానిటర్ మీద బొమ్మ శుభ్రంగా ఉంటే తప్పు తెరదో, మడత దగ్గర నలిగే తీగదో. తర్వాత ఆపి మళ్లీ వెలిగిస్తాను. ఇంకా ఏ సాఫ్ట్‌వేరూ లేవకముందే, కంపెనీ గుర్తు కనబడేటప్పుడే గీతలు ఉంటే ఇక చిప్పుని నడిపే డ్రైవర్ సాఫ్ట్‌వేర్లు మార్చి ప్రయోజనం లేదు. తప్పు చిప్పుది. ఈ రెండూ చేయడానికి చాయ్ తాగేంత సేపు పట్టదు. ఇంత చిన్న పని చేయకుండా వారం రోజులు డ్రైవర్లు మార్చినవాళ్లను నేను ఎరుగుదును. మంచివాళ్లే పాపం.

లాప్‌టాప్ వేసుకున్న గౌను

వేడి గురించి నాకు మొదట బుద్ధి చెప్పింది మా చర్చిలో కరుణమ్మ ఆంటీ. ఆవిడ టీచరు. ప్రశ్నపత్రాలు టైపు చేసుకోవడానికి లాప్‌టాప్ కొన్నారు. రెండు నెలలకే నా దగ్గరికి వచ్చారు.

"రాణీ, ఇది మధ్యలో స్పృహ తప్పి పడిపోతోందే" అన్నారు.

షాపులో చూస్తే చక్కగా పనిచేసింది. ఇంటికి తీసుకెళ్తే మళ్లీ అదే తంతు. చివరికి నేనే వాళ్లింటికి వెళ్లాను. వెళ్లి చూస్తే ప్రభువా, లాప్‌టాప్‌కి గౌను! పాత పట్టుచీర కత్తిరించి, అంచుకి లేసు కుట్టి, తెరకీ కీబోర్డుకీ కిటికీలు వదిలి, మిగతా ఒళ్లంతా కప్పేశారు. గాలి లోపలికి పోయే కంతలు, వేడి బయటికొచ్చే కంతలు అన్నీ పట్టు కింద ఉన్నాయి. ఆ ఇంట్లో ఫ్రిజ్‌కీ కవరే, మిక్సీకీ కవరే, గ్యాసు బండకి కూడా పూల కవరే. భిలాయి దుమ్ము అలాంటిది మరి. అయస్కాంతం దగ్గరికి తెస్తే లేచి నిలబడే దుమ్ము అది. ఆవిడ తప్పేమీ లేదు.

"దీన్ని విప్పెయ్యండి ఆంటీ, ఉక్కపోతకి చచ్చిపోతోంది" అన్నాను.

"విప్పేస్తే మరీ బోసిగా ఉంటుందే" అని బాధపడ్డారు. చివరికి రాత్రి మూసేశాక మాత్రమే గౌను తొడిగేలా ఒప్పందానికి వచ్చాం.

ఆ రోజు నుంచి ఆగిపోతోందని ఎవరు ఫోను చేసినా నా మొదటి ప్రశ్న ఒకటే: కింద చెయ్యి పెట్టి చూడండి, వేడిగా ఉందా? ఈ ప్రశ్న కనిపెట్టానని నాకు చాలా గర్వంగా ఉండేది. దీనితోనే ఎన్నో కేసులు ఫోనులోనే తేల్చేశాను. ఆ గర్వంలో ఉండగా స్మృతి నగర్ నుంచి ఫోను వచ్చింది.

స్మృతి నగర్ లాప్‌టాప్

"రాణమ్మా, నాను అప్పలనాయుడ్ని. మీ నాన్నా నానూ ఒకే షిఫ్టు. గేపకమున్నాదేటి?"

ఎందుకు లేదు! బ్లాస్ట్ ఫర్నేసులో పనిచేసి రిటైరైన నాయుడు బాబాయ్. కరిగిన ఇనుము కాలువ కట్టి పారే చోట, దాని పక్కనే నిలబడి బతుకంతా గడిపిన మనిషి. మా నాన్న పోయినప్పుడు ముందు వచ్చి నిలబడింది ఆయనే.

"మా కుసుమ లాప్‌టాపు తిక్కతిక్కగా సేత్తన్నాదమ్మా. బొమ్మ తిప్పితే సాలు, తెర మీద రంగులు కుమ్మరించేత్తాది. ఆనక సచ్చిపోతాది. కాసేపాగి నొక్కితే మళ్లీ లేత్తాది."

"కింద చెయ్యి పెట్టి చూడండి బాబాయ్. వేడిగా ఉన్నాదా?"

ఫోను పక్కన పెట్టిన చప్పుడైంది. చెయ్యి పెట్టి నిదానంగా చూస్తున్నారని అర్థమైంది.

"సల్లగానే ఉన్నాదమ్మా" అన్నారు.

"సరిగ్గా చూశారా?"

"బతుకంతా వేడి కాడే బతికినాను. నాకు వేడి తెలీదేటి?"

నిజమే కదా అనుకున్నాను. వేడి గురించి ఆయనకన్నా తెలిసినవాళ్లు ఈ ఊళ్లో ఎవరున్నారు? వేడిని జాబితాలోంచి కొట్టేసి, మర్నాడు లాప్‌టాప్ షాపుకి పంపమన్నాను.

తెచ్చింది కుసుమ, వాళ్లమ్మాయి. ఇక్కడే పుట్టి పెరిగిన పిల్ల. తెలుగులో మొదలుపెట్టి హిందీలో ముగిస్తుంది.

"దీదీ, ఘర్ మే అసలు చల్తా హీ నహీ. ఇక్కడ చూడండి, ఎంత షరీఫ్‌గా నడుస్తోందో! నన్ను జూఠీ చేస్తోంది" అని దాని మూత మీద ఒకటి వేసింది. ఇంట్లో నడవనే నడవదు, షాపుకొస్తే మాత్రం బుద్ధిగా నడిచి తనని అబద్ధాలకోరుని చేస్తోందట.

ఆ పిల్ల అవసరం ఏమిటో విన్నాక నాకూ భయం పట్టుకుంది. హథ్‌ఖోజ్‌లో ఇనుప ఫ్రేములు చేసే చిన్న కార్ఖానా ఒకటుంది. అక్కడ డ్రాయింగులు వేసే ఉద్యోగం ఖాళీగా ఉంది. కన్వేయర్ బెల్టు మలుపు తిరిగే చోట పెట్టే ఫ్రేము ఒకటి వాళ్లు చేస్తే, కాగితం మీది బొమ్మ ఒకరికొకలా అర్థమై, చేసిన సరుకు మొత్తం వెనక్కి వచ్చిందట. దాన్ని కంప్యూటర్లో త్రీడీలో గీసి, సరుకు కొనే పెద్దమనిషి ఎదుట అన్ని వైపులా తిప్పి చూపించమని యజమాని కుసుమకి చెప్పాడు. ఆ సోమవారమే చూపించాలి. కొనేవాడికి అర్థమైతే కుర్చీ కుసుమది. ఆ కుర్చీలో అంతవరకూ ఆడపిల్ల కూర్చోలేదు. "లడకీ సే హో పాయేగా?" ఆడపిల్ల వల్ల అవుతుందా అని యజమాని ఆ పిల్ల మొహం మీదే అడిగాడట.

"బొమ్మ తిప్పుతుంటే ఇది మర్ గయా అంటే, లాప్‌టాప్ చచ్చిపోయిందని ఎవరూ అనరు దీదీ. లడకీ సే నహీ హువా అంటారు" అంది కుసుమ. చెప్తూ చెప్తూ కళ్లు తుడుచుకుంది.

వేరే కంప్యూటర్లో చూపించుకోవచ్చుగా అని మీరు అడుగుతారు. నేనూ అడిగాను. కార్ఖానాలో ఉన్నది బిల్లులు కొట్టే డబ్బా. ఆ త్రీడీ సాఫ్ట్‌వేరు ఎక్కించిన కోచింగ్ సెంటరు ఎప్పుడో మూతపడింది, సీడీ లేదు. మా షాపులో ఉన్న మెషిన్లలో ఒక్కదానికీ అంత బరువు మోసే చిప్పు లేదు. వాళ్ల మేనమామ వాడి వాడి ఇచ్చిన ఆ పాత లాప్‌టాపే ఆ పిల్లకు దిక్కు.

పని మొదలుపెట్టాను. డ్రైవర్ తీసి కొత్తది వేశాను. అది నచ్చక పాతది వేశాను. మెమరీ కార్డులు ఊడదీసి పెన్సిల్ రబ్బరుతో రుద్ది మళ్లీ పెట్టాను. బయటి మానిటర్ తగిలించాను. గీతల్లేవు. షాపు బల్ల నున్నని చెక్క, పైన ఫ్యాను గిర్రున తిరుగుతోంది. ఆ గాలికి అది రాజాలా పనిచేసింది. ఇంటికి తీసుకెళ్లగానే ఫోను.

"రాణమ్మా, మళ్లీ సచ్చిపోనాది."

"వేడిగా ఉన్నాదా బాబాయ్?"

"సల్లగానే ఉన్నాదమ్మా."

ఇలా రెండుసార్లు జరిగింది. రెండోసారి షాపుకొచ్చినప్పుడు నేను మధ్యాహ్నం డబ్బా విప్పి అన్నం కలుపుకుంటున్నాను. ఎందుకో తల తిప్పి చూస్తే చంద్రాకర్ సేఠ్ కుసుమ లాప్‌టాప్ ముందు కూర్చుని, మొహం నిండా దయతో సీడీ లోపలికి నెడుతున్నాడు.

"సేఠ్! ఏం చేస్తున్నారు?"

"నువ్వు అలిసిపోయావు రాణీ. మైనే సోచా, ఫార్మాట్ మార్ దూఁ."

పప్పు అంటిన చేత్తోనే పరిగెత్తి వెళ్లి బ్యాటరీ లాగేశాను. ఇంకొక్క నిమిషం ఆలస్యమైతే ఆ సాఫ్ట్‌వేరు, దాంతోపాటు ఆ పిల్ల ఉద్యోగం తుడిచిపెట్టుకుపోయేవి. సేఠ్ నాతో సాయంత్రం దాకా మాట్లాడలేదు. బ్యాటరీకి అంటిన పప్పు తుడవడానికి మాత్రం తన జేబురుమాలు ఇచ్చాడు.

రగ్గు

శనివారం నాడు ఇక లాభం లేదని నేనే స్మృతి నగర్ వెళ్లాను. మే నెల. కూలర్ హోరుమంటోంది. నాయుడు బాబాయ్ ఎదురొచ్చి లోపలికి తీసుకెళ్లారు. లాప్‌టాప్‌ని చూడగానే నాకు కరుణమ్మ ఆంటీ గుర్తొచ్చారు. ముక్కాలిపీట మీద ఉన్ని రగ్గు, నాలుగు మడతలేసి. దాని మీద లాప్‌టాప్, పొత్తిళ్లలో పసిబిడ్డలా కూరుకుపోయి ఉంది.

"ఇదేటి బాబాయ్, రగ్గు?"

"వైబ్రేషన్ తగలకూడదమ్మా" అన్నారు, ఆ మాత్రం తెలీదా అన్నట్టు. "ఫౌండేషన్ బాగుంటేనే మెషినైనా బాగుంటాది. మన ప్లాంటులో ఏ మోటారైనా సూడు, కింద ప్యాడు ఎయ్యకుండా కూకోబెడతారేటి?"

కుసుమని బొమ్మ తిప్పమన్నాను. లోపలి ఫ్యాను ఏడుపు లంకించుకుంది. కాసేపటికి తెర మీద ఆకుపచ్చ గీతలు పడి గళ్ల లుంగీలా అయింది. రగ్గుకీ లాప్‌టాప్‌కీ మధ్య వేళ్లు దూర్చాను.

"ప్రభువా!"

వేళ్లు నోట్లో పెట్టుకున్నాను. ఇస్త్రీపెట్టె ముట్టుకున్నట్టే ఉంది.

"ఏటైనాదమ్మా?" అని నాయుడు బాబాయ్ కంగారుగా వచ్చి, అరచెయ్యి మొత్తం అదే చోట ఆనించారు. తీరిగ్గా ఉంచారు. తల ఊపారు. "సల్లగానే ఉన్నాదే!"

వంటింట్లోంచి పైడమ్మ పిన్ని గరిటెతో సహా బయటికొచ్చింది.

"ఓలమ్మా! వేడి గురించి ఆయన్నడిగినావేటే రాణీ? పెనం మీన కాల్తన్న రొట్టెని సేత్తోటి తిప్పుతాడే ఆ మనిషి! పొయ్యి మీన మరుగుతున్న టీని గళాసులో పోస్తే అక్కడికక్కడే తాగేత్తాడు. జొరమొచ్చిన గుంటనాకొడుకుల నుదురు ముట్టుకుని, ఏటీ లేదు, ఇస్కూలుకి ఎల్లమనేవోడు. ఆ సేతులు ఎప్పుడో సచ్చిపోనాయి!"

కుసుమ నవ్వు ఆపుకోలేక చున్నీ నోట్లో కుక్కుకుంది. నాయుడు బాబాయ్ తన అరచేతులు తిప్పి తిప్పి చూసుకున్నారు. అవి అరచేతులు కావు, చెప్పుల అడుగులు.

"నాకు సల్లగానే తగిల్నాదే" అన్నారు చిన్నబోయి.

ఆయన ఒక్క అబద్ధం కూడా ఆడలేదు. నేను అడిగిన ప్రశ్నా సరైనదే. పోయి పోయి అడిగింది ఫర్నేసు మనిషిని. పిల్లలూ, ఇది రాసిపెట్టుకోండి. కస్టమరు చెప్పే జవాబు అతని ఒంట్లోంచి వస్తుంది. కళ్లజోడు మర్చిపోయినవాడు తెర మసగ్గా ఉందంటాడు. చెవుడున్నవాడు ఫ్యాను చప్పుడే లేదంటాడు. జవాబు నమ్మేముందు, చెప్తున్న మనిషి ఏ పని చేసి బతికాడో ఒక్కసారి గుర్తుచేసుకోండి. మీకు వీలైతే మీ చేత్తోనే ముట్టుకోండి. కాలినా పరవాలేదు.

వేడితోనే వైద్యం

అక్కడే విప్పాను. వేడిని బయటికి పంపే రేకుల మధ్య భిలాయి దుమ్ము మందంగా గడ్డకట్టి ఉంది. పట్టుకారుతో లాగితే ముక్కగా ఊడి వచ్చింది. శుభ్రం చేసి మళ్లీ వెలిగించాను. ఈసారి కంపెనీ గుర్తు దగ్గరే గీతలు కనబడ్డాయి. అన్నాళ్లు ఉడికి ఉడికి చిప్పు కూడా దెబ్బతింది.

ఇక్కడ ఈ వృత్తి గురించి ఒక చేదు నిజం చెప్పాలి. గ్రాఫిక్స్ చిప్పు కింద ఆవగింజల్లాంటి టంకం బొట్లు ఉంటాయి. వేడెక్కి చల్లారి, వేడెక్కి చల్లారి అవి పగుళ్లిస్తాయి. వేడిగాలి యంత్రంతో చిప్పుని బాగా కాలిస్తే ఆ పగుళ్లు తాత్కాలికంగా అతుక్కుంటాయి. లాప్‌టాప్ కొత్త పెళ్లికూతురిలా వెలుగుతుంది. కొన్నాళ్లే. తర్వాత మళ్లీ మామూలే. ఈ సంగతి కస్టమరుకి చెప్పకుండా, చిప్పే మార్చేశామని పంపించేసే షాపులు ఎన్నో ఉన్నాయి. ఆ పని చేసేవాడు నా దృష్టిలో మెకానిక్ కాదు. ఇంకేమనాలో మీరే అనుకోండి, నేను చర్చికి వెళ్లే మనిషిని.

లాప్‌టాప్‌ని షాపుకి తెచ్చేశాక మా సేఠ్ కూడా, "చిప్ బదల్ దియా బోల్ దే" అన్నాడు. నేను వినలేదు. వేడిగాలి పెట్టాను, చల్లారనిచ్చాను, వేడి లాగే కొత్త పేస్టు రాసి బిగించాను. గీతలు పోయాయి. ఆదివారం ఆరాధన అవగానే వెళ్లి లాప్‌టాప్ కుసుమ చేతిలో పెట్టి ఉన్న మాట చెప్పేశాను.

"ఇది బాగవలేదమ్మా. కొద్దిగా ఓర్చుకుంటోంది అంతే. రేపటిదాకా దీన్ని ముట్టుకోకు. రేపు కూడా కిందనుంచి గాలి తగలాలి. పది నిమిషాలు నడుస్తుందో, పది రోజులో నాకు తెలీదు."

కుసుమ మొహం పాలిపోయింది. నాయుడు బాబాయ్ మాత్రం కంగారు పడలేదు.

"మా ఫర్నేసూ అంతేనమ్మా" అన్నారు. "పగులొత్తే మట్టి కొట్టి నడిపించీవోళ్లం. షట్‌డౌన్ దాకా నడిత్తే సాలు. గాలి సంగతి నాకొదిలెయ్యి."

ఆ సాయంత్రమే ఆయన ఇనుప కమ్మీలు తెచ్చి, వెల్డింగ్ చేయించి ఒక స్టాండు తయారు చేశారు. దాని మీద లాప్‌టాప్ ఏమిటి, లారీ ఇంజను పెట్టొచ్చు. పైడమ్మ పిన్ని దానికి పసుపు రాసి బొట్టు పెట్టింది. నేను నా ప్రార్థన నేను చేసుకున్నాను.

హథ్‌ఖోజ్

సోమవారం నేను కూడా వెళ్లాను. నన్నెవరూ పిలవలేదు. ఇంట్లో కూర్చుంటే అన్నం సహించదని వెళ్లాను. సేఠ్‌ని సెలవు అడిగితే, "అక్కడ ఆగిపోతే అక్కడే ఫార్మాట్..." అని ఏదో అనబోయి, నా మొహం చూసి, "జా, జా" అన్నాడు.

కార్ఖానా ఆఫీసు గదిలో యజమాని, రాయపూర్ నుంచి వచ్చిన సరుకు కొనే పెద్దమనిషి కూర్చుని ఉన్నారు. నాయుడు బాబాయ్ స్టాండు మోసుకుంటూ చెమటలు కక్కుతూ లోపలికి వచ్చి బల్ల మీద దించారు. బల్ల కిర్రుమంది. కుసుమ లాప్‌టాప్ పెట్టింది. అప్పుడు కనబడింది అసలు సంగతి. ప్రొజెక్టరు గోడకి పైన బిగించి ఉంది. దాని తీగ కిందికి వేలాడుతోంది. బల్లేమో కదలదు, కాళ్లు గచ్చులో పాతేశారు. తీగ స్టాండు మీది లాప్‌టాప్‌కి జానెడు దూరంలో ఆగిపోయింది.

"కాగితం మీద చూపించెయ్, చాల్లే" అన్నాడు యజమాని హిందీలో. కాగితం వల్లే కదా సరుకు వెనక్కొచ్చింది! కుసుమ నావైపు చూసింది.

"ఎవరైనా చేత్తో పట్టుకోండి" అన్నాను. "కింద కంతలు మూయకుండా, అంచుల్లో."

ప్యూన్‌ని పిలిచారు. లాప్‌టాప్ అతని చేతుల్లో పెట్టి తీగ తగిలించాం. మౌసు పెట్టడానికి ఒక స్టూలు తెచ్చాను, లాప్‌టాప్ పట్టేంత వెడల్పు దానికి లేదు. కుసుమ బొమ్మ తెరిచింది. గోడ మీద ఇనుప ఫ్రేము పెద్దగా లేచి నిలబడింది. కుసుమ దాన్ని తిప్పింది. కొనే పెద్దమనిషి కుర్చీ ముందుకి జరుపుకున్నాడు. బోల్టు ఎక్కడ పడుతుంది, ఈ కోణం ఎంత, ఇక్కడ బెల్టు రాసుకోదా అని ఒకదాని మీద ఒకటి అడగడం మొదలుపెట్టాడు. కుసుమ ఒక్కోదానికి బొమ్మ తిప్పి చూపిస్తోంది. తిప్పిన కొద్దీ ఫ్యాను ఏడుపు పెరుగుతోంది.

"బాప్ రే! హాథ్ జల్ గయా!" అని ప్యూన్ కాలిన చెయ్యి విదిలిస్తూ కేక పెట్టాడు. లాప్‌టాప్ ఒక పక్కకి ఒరిగింది. గోడ మీద ఫ్రేము వణికింది. కుసుమ మౌసు వదిలేసింది. నేను అందుకోబోయేలోపే నాయుడు బాబాయ్ రెండు చేతులూ కింద పెట్టి దాన్ని తన మీదికి తీసుకున్నారు.

"నువ్వు సెప్పుకోయే కుసుమా" అన్నారు. "నాను పట్టుకున్నాను."

పట్టుకున్నారు. గుండెల ఎత్తున, కంతలు వదిలేసి, కదలకుండా. ఫర్నేసు ముందు నిలబడ్డట్టే కాళ్లు ఎడంగా పెట్టుకుని నిలబడ్డారు. కొనే పెద్దమనిషి తీరిగ్గా ప్రశ్నలు అడుగుతూనే ఉన్నాడు. మధ్యలో అందరికీ చాయ్ వచ్చింది. చల్లారుతుందని ఊది ఊది తాగుతూ మళ్లీ మొదటికొచ్చి, ఇంకోసారి తిప్పి చూపించమన్నాడు. ఆయన్ని ఏమనలేక నేను పళ్లు కొరుక్కున్నాను. ఒకసారి గోడ మీద ఒక ఆకుపచ్చ గీత పడింది. నేను కళ్లు మూసుకున్నాను. తెరిచేసరికి పోయింది. కుసుమ గొంతు ఒక్కసారి కూడా తడబడలేదు. అంత చక్కని హిందీ నేను రేడియోలో కూడా వినలేదు.

చివరికి ఆ పెద్దమనిషి, "అబ్ సమఝ్ మే ఆయా" అని, ఇప్పుడు అర్థమైందంటూ లేచాడు. యజమాని కుసుమ వైపు చూసి, గొంతు సవరించుకుని, "కల్ సే ఆ జానా బేటీ" అన్నాడు. రేపట్నుంచి రమ్మని! కుసుమ నా చెయ్యి పట్టుకుని గట్టిగా నొక్కింది. సరిగ్గా అప్పుడే గోడ మీద ఫ్రేము చెదిరి, గీతలు గీతలై, నల్లబడిపోయింది. ఆ లాప్‌టాప్ మళ్లీ వెలగలేదు. నేను తర్వాత ఎన్ని విధాల చూసినా లేవలేదు. దాని పని అది చేసి వెళ్లిపోయింది.

నాయుడు బాబాయ్ చేతుల్లోంచి తీసుకుందామని వెళ్లి కింద వేళ్లు పెట్టాను. చురుక్కుమని వెనక్కి లాక్కున్నాను. చున్నీ చుట్టుకుని మళ్లీ అందుకుని బల్ల మీద పెట్టాను.

"బాబాయ్, ఎలా పట్టుకున్నారు అంతసేపు?"

"సల్లగానే ఉన్నాదమ్మా" అన్నారు.

కూతురు యజమానితో మాట్లాడుతోంది. అటు ఒకసారి చూసుకుని, నెమ్మదిగా నడిచి వరండాలోకి వెళ్లారు. అక్కడ కూలర్ ఉంది. దాని పక్క తలుపు తీసి, రెండు చేతులూ మణికట్టు దాకా లోపలి తొట్టి నీళ్లలో ముంచి, కళ్లు మూసుకుని చాలాసేపు అలాగే నిలబడ్డారు.